పేర్లు రాసే లీడర్లు, జవాబు అడిగే లీడర్లు: ఒక హైస్కూల్ అనుభవం

చాలా స్కూళ్లలో లాగే మా హైస్కూల్లోనూ విద్యార్థి నాయకులు మొదటి నుంచీ ఉన్నారు. ప్రతి సెక్షన్‌కీ ఒక క్లాస్ లీడర్, అందరి మీదా ఒక స్కూల్ లీడర్. వాళ్లను టీచర్లే ఎంపిక చేసేవారు. మార్కులు బాగా వచ్చేవాళ్లు, చెప్పిన మాట వినేవాళ్లు, గట్టి గొంతు ఉన్నవాళ్లు లీడర్లయ్యేవారు. టీచర్ లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం, ఆలస్యంగా వచ్చినవాళ్లను గేటు దగ్గర ఆపడం, అసెంబ్లీలో లైన్లు సరిచూడడం, నోటు పుస్తకాలు పోగుచేసి స్టాఫ్ రూముకు చేర్చడం వాళ్ల పని. చివరిది తప్ప మిగతావన్నీ కాపలా పనులే.

ఆ ఏర్పాటును ఎందుకు మార్చామో, ఎలా మార్చామో, ఎక్కడ ఇంకా తడబడుతున్నామో ఈ కేస్ స్టడీలో రాస్తున్నాను. స్టూడెంట్ కౌన్సిల్‌కు మొదటి నుంచీ సలహాదారు టీచర్‌గా ఉన్నందువల్ల లోపలి సంగతులు తెలుసు. స్కూలు పేరు, పిల్లల పేర్లు రాయడం లేదు. వాళ్లెవరో పోల్చుకునే వీలిచ్చే వివరాలు కూడా వదిలేశాను.

పాత పద్ధతిలో ఏం జరిగేది

పెద్ద తరగతుల పిల్లల చేతికి క్రమశిక్షణ అప్పగించడం కొత్తేమీ కాదు. ఇంగ్లండ్‌లోని రగ్బీ స్కూలుకు 1828లో హెడ్‌మాస్టర్‌గా వచ్చిన థామస్ ఆర్నాల్డ్, పై తరగతి విద్యార్థులకు కింది తరగతుల మీద అధికారం ఇచ్చి వాళ్ల ద్వారా స్కూలును నడిపాడు. ఆ నమూనా బ్రిటిష్ పాలన వెళ్లిన చోటల్లా వెళ్లింది. పేర్లు మారినా లోపలి సూత్రం ఒకటే: కొందరు పిల్లలను పెద్దల పక్షాన నిలబెట్టి మిగతావాళ్లను చూసుకోమనడం.

మా స్కూల్లో దీని ఫలితాలు రోజూ కళ్ల ముందే ఉండేవి. లీడర్లు స్నేహితుల పేర్లు రాసేవారు కాదు, గొడవపడినవాళ్ల పేర్లు మాత్రం తప్పక రాసేవారు. పేరు రాయకుండా ఉండడానికి చాక్లెట్లు, హోంవర్క్ చేసిపెట్టడాలు నడిచేవి. ఆరో తరగతి పిల్లలు టీచర్ల కంటే లీడర్లకే ఎక్కువ భయపడేవారు. లీడర్ల పరిస్థితి కూడా బాగుండేది కాదు. మంచిగా చదివే ఒక అమ్మాయి, తనను లీడర్‌గా తీసేయమని ఇంట్లో ఏడ్చిందని వాళ్ల అమ్మ వచ్చి చెప్పింది. క్లాసులో ఎవరూ తనతో కలిసి కూర్చోవడం లేదట. పన్నెండు, పదమూడేళ్ల పిల్ల మీద మేం పెట్టిన బరువు అది.

ఇంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. అది చాలాకాలం ఎవరి కంటా పడలేదు. పిల్లల నుంచి పెద్దలకు వెళ్లే దారిలో పేర్లు మాత్రమే ప్రయాణించేవి, సమస్యలకు దారే లేదు. ఎవరు మాట్లాడారో, ఎవరు ఆలస్యంగా వచ్చారో సాయంత్రానికల్లా హెడ్‌మిస్ట్రెస్ గారికి తెలిసేది. స్కూలు పిల్లలను ఎక్కడ ఇబ్బంది పెడుతోందో మాత్రం ఏడాదికి కూడా తెలిసేది కాదు.

మరుగుదొడ్ల తాళం

ఆ సంగతి బయటపడింది మరుగుదొడ్ల వల్ల. కుళాయిలు విరుగుతున్నాయని, గోడల మీద రాతలు రాస్తున్నారని, క్లాసులు జరిగే సమయంలో మరుగుదొడ్లకు తాళం వేయాలని మేనేజ్‌మెంట్ అంతకుముందు నిర్ణయించింది. ఇంటర్వెల్‌లో, లంచ్‌లో మాత్రమే తెరిచేవారు. మధ్యలో వెళ్లాలంటే టీచర్ దగ్గర చీటీ తీసుకుని, తాళం ఉన్న మనిషిని వెతుక్కోవాలి.

ఒకరోజు సైన్స్ క్లాసులో శరీరానికి నీరు ఎందుకు అవసరమో పాఠం నడుస్తుండగా, రోజూ స్కూల్లో ఎన్నిసార్లు నీళ్లు తాగుతారని టీచర్ అడిగారు. ఆడపిల్లల్లో చాలామంది అసలు తాగమన్నారు. బాటిల్ ఇంటి నుంచి నిండుగా వస్తుంది, నిండుగానే తిరిగి వెళ్తుంది. తాగితే వెళ్లాలి, వెళ్లాలంటే చీటీ అడగాలి, చీటీ అడిగితే ఎందుకని అందరి ముందూ ప్రశ్న. నెలసరి రోజుల్లో కొందరు స్కూలుకే రావడం లేదని కూడా అప్పుడే తెలిసింది. ఆ క్లాస్ లీడర్‌కు ఇదంతా తెలుసు. తనూ అదే ఇబ్బంది పడుతోంది. మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే, “అది నా డ్యూటీ కాదు కదా టీచర్” అంది. ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆమెకు మేమిచ్చిన డ్యూటీలో అది లేదు.

దాని మీద స్టాఫ్ మీటింగ్‌లో సుదీర్ఘంగా మాట్లాడుకున్నాం. తాళం తీసేస్తే ఆ ఒక్క సమస్య తీరుతుంది. రేపు ఇంకో సమస్య వస్తే అదీ ఇలాగే ఏ పాఠం మధ్యలోనో అనుకోకుండా బయటపడాలా? లీడర్ అనే మాటకు అర్థమే మార్చాలని హెడ్‌మిస్ట్రెస్ గారు అన్నారు. పిల్లలే ఎన్నుకునే స్టూడెంట్ కౌన్సిల్ ఉండాలి, అది అడిగినదానికి రెండు వారాల్లో జవాబివ్వాలి అన్నది ప్రతిపాదన. కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఒప్పుకోలేదు. ఒప్పుకోనివాళ్ల మాటలు ముందు చెబుతాను, ఎందుకంటే తర్వాత మేం చేసిన చాలా పనులు ఆ అభ్యంతరాల వల్లే గట్టిగా నిలబడ్డాయి.

అభ్యంతరాలు

పిల్లలకు అధికారమిస్తే నెత్తికెక్కుతారన్నది అందరూ ఊహించేదే. దాని కంటే బలమైన అభ్యంతరాలు మూడు వచ్చాయి. చదువు సమయం పోతుందన్నది ఒకటి. పిల్లలు టీచర్ల మీద ఫిర్యాదుల వేదికగా వాడుకుంటారన్నది రెండోది. మూడోది ఒక సీనియర్ టీచర్ అన్న మాట. “పిల్లలు అడిగితే రెండు వారాల్లో జవాబివ్వాలంటున్నారు. మేం అడిగినవాటికి రెండేళ్లయినా జవాబు రాదు. మమ్మల్ని అడగని చోట పిల్లల్ని ఎలా అడుగుతాం?”

ఈ మూడో మాట దగ్గర మీటింగ్ కాసేపు ఆగిపోయింది. విద్యార్థుల భాగస్వామ్యం గురించి నేను చదివిన రాతల్లో ఈ విషయానికి దక్కాల్సినంత చోటు ఎక్కడా కనిపించలేదు. నిర్ణయాల్లో తమకే మాట లేని టీచర్లు, పిల్లలకు మాట దక్కితే అవమానంగా భావిస్తారు. అది మానవ సహజం. దానికి ఉపన్యాసాలు పనిచేయవు. జవాబు గడువు స్టాఫ్ అడిగే ప్రశ్నలకు కూడా వర్తిస్తుందని అదే మీటింగ్‌లో రాసుకున్నాం. కౌన్సిల్ ప్రశ్నలు, జవాబులు రాసే పుస్తకం లాంటిదే స్టాఫ్ రూములోనూ ఒకటి మొదలైంది. మొదట వ్యతిరేకించిన ఆ టీచరే తర్వాత కౌన్సిల్‌కు బాగా తోడ్పడ్డారు. మా మార్పు నిలబడడానికి అన్నిటికన్నా ముఖ్య కారణం ఇదేనని నా నమ్మకం.

ఏది ఎవరి పని

కౌన్సిల్ ఎన్నికకు ముందే హద్దులు రాసి పెట్టాం. హద్దులు లేకుండా “మీ అభిప్రాయాలు చెప్పండి” అంటే పిల్లలు ఆకాశమంత అడుగుతారు, పెద్దలు అన్నిటికీ కాదంటారు, మూడు నెలల్లో అందరూ విసిగిపోతారు.

కొన్ని విషయాలు పూర్తిగా కౌన్సిల్‌వి: ఆటల సామాన్ల పంపకం, గోడ పత్రిక, క్లబ్బుల సమయాలు, తనకు కేటాయించిన కొద్దిపాటి నిధి ఖర్చు. కొన్ని కలిసి నిర్ణయించేవి: స్కూలు నియమాలు, ఇంటర్వెల్ సమయాలు, పరీక్షల క్యాలెండర్, మరుగుదొడ్లు, తాగునీరు, లైబ్రరీ, విహారయాత్రలు. కొన్ని కౌన్సిల్ ముందుకు రానివి: ఒక టీచర్ ఉద్యోగానికి సంబంధించిన సంగతులు, ఫలానా విద్యార్థి శిక్ష, మార్కులు, ఎవరి ఇంటి విషయమైనా సరే.

ఇలా గీతలు గీయడానికి ఇతర దేశాల చట్టాలు సాయపడ్డాయి. దక్షిణాఫ్రికాలో 1996 నాటి స్కూళ్ల చట్టం ప్రకారం ఎనిమిదో గ్రేడ్, ఆపై తరగతులున్న ప్రతి ప్రభుత్వ స్కూల్లో విద్యార్థి ప్రతినిధుల మండలి ఉండాలి, ఆ ప్రతినిధులు స్కూలు పాలక మండలిలో కూర్చుంటారు. అయితే మైనర్లు స్కూలు తరఫున ఒప్పందాలు చేసుకోకూడదు, స్కూలు మీద ఆర్థిక బాధ్యత పడే తీర్మానాల్లో ఓటు వేయకూడదు. పిల్లలను నిర్ణయంలోకి తీసుకురావడం, వాళ్ల నెత్తిన చట్టపరమైన బరువు పడకుండా చూడడం, రెండూ అందులో ఉన్నాయి.

టీచర్ల మీద ఫిర్యాదుల గురించి భయపడినవాళ్లకు కూడా ఈ హద్దులే జవాబు. ఒక టీచర్ గురించి విద్యార్థికి బాధ ఉంటే అది కౌన్సిల్‌లో చర్చకు రాదు, నేరుగా హెడ్‌మిస్ట్రెస్ గారి దగ్గరకు వెళ్తుంది. పిల్లల భద్రతకు సంబంధించినదైతే ఆ రోజే వెళ్తుంది, ఆ దారి ఏదో పిల్లలందరికీ తెలిసేలా ప్రతి తరగతి గోడ మీదా రాశాం. కానీ “మూడు సబ్జెక్టుల ప్రాజెక్టులు ఒకే వారంలో పడుతున్నాయి” అన్నది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. దాన్ని కౌన్సిల్ నిరభ్యంతరంగా చర్చించవచ్చు.

ఎన్నిక

ప్రతి సెక్షన్ నుంచి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. రహస్య ఓటు. పోస్టర్లు, పంపకాలు లేవు. మార్కుల నిబంధన తీసేశాం. పోటీ చేసేవాళ్లు క్లాసు ముందు నిలబడి ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి: ఈ క్లాసులో నువ్వు గమనించిన ఇబ్బంది ఏమిటి, అది ఎవరికి? తమ ఇబ్బంది కాక పక్కవాళ్ల ఇబ్బంది చెప్పినవాళ్లకు ఓట్లు బాగా పడ్డాయి. క్లాసులు ఇంత బాగా ఎంచుకుంటాయని మేమెవరమూ అనుకోలేదు.

అన్ని చోట్లా అలా జరగలేదు. ఒక సెక్షన్‌లో అందరినీ నవ్వించే అబ్బాయికి సరదాగా ఓట్లేశారు. రెండు మీటింగుల తర్వాత అతను రావడం మానేశాడు. నియమావళిలో ముందే రాసుకున్న ప్రకారం క్లాసు మళ్లీ ఓటేసి ఇంకొకరిని పంపింది. తమ ప్రతినిధిని తామే వెనక్కి పిలిచే వీలుండడం, ఎన్నిక కంటే పెద్ద పాఠం నేర్పిందనిపించింది నాకు. తర్వాతి ఏడాది అదే సెక్షన్ ఓటు విషయంలో చాలా జాగ్రత్తగా ఉంది.

పేర్లు రాసే పని ఎవరికిచ్చారని తోటి స్కూళ్ల టీచర్లు తప్పకుండా అడుగుతారు. ఎవరికీ ఇవ్వలేదు. టీచర్ లేని పీరియడ్‌కు ఇంకో టీచర్ వెళ్లాలి, లేదంటే ఆ క్లాసును లైబ్రరీకి పంపాలి. పెద్దల కొరతను పిల్లల చేత పూడ్పించడం ఆపేశాం.

పద్నాలుగు రోజులు

కౌన్సిల్ స్కూలు సమయంలోనే కూర్చుంటుంది. ఆటల పీరియడ్‌నో లంచ్‌నో తీసుకుంటే దాన్ని శిక్షగా చూస్తారు. ప్రతి మీటింగ్‌కు ముందు ప్రతినిధులకు తమ క్లాసులో ఇరవై నిమిషాలు ఇస్తాం, క్లాసు ఏమంటోందో వినడానికి. మీటింగ్ అయ్యాక ఏం జరిగిందో చెప్పడానికి మళ్లీ కొంత సమయం. అధ్యక్షత విద్యార్థులే వహిస్తారు, వంతులవారీగా. నేను పక్కన కూర్చుంటాను, అడిగితే మాట్లాడతాను. మొదట్లో ఇది కష్టం. పిల్లలు దారి తప్పి అరగంట ఒకే చిన్న విషయం మీద తిరుగుతుంటే నోరు అదుపులో పెట్టుకోవడానికి ఓపిక కావాలి.

వీటన్నిటికీ గుండెకాయ ఒక్క నియమం. కౌన్సిల్ రాతపూర్వకంగా ఏది అడిగినా 14 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రావాలి. జవాబు మూడు రకాలుగా ఉండవచ్చు: “సరే, ఫలానా తేదీకి చేస్తాం”; “వద్దు, ఇదీ కారణం”; “ఇంకా తేల్చలేదు, ఇది తెలుసుకోవాల్సి ఉంది, ఈ తేదీకి చెబుతాం”. ప్రశ్న, జవాబు రెండూ నోటీసు బోర్డు మీద పక్కపక్కన ఉండాలి.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందని, వయసునూ పరిణతినీ బట్టి ఆ అభిప్రాయానికి తగిన విలువ ఇవ్వాలని అంటుంది. రెండో సగాన్ని అందరూ మర్చిపోతారు. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీకి చెందిన లారా లండీ 2007లో ఈ అధికరణాన్ని నాలుగు భాగాలుగా విడదీసి చూపారు: మాట్లాడే చోటు, మాట, వినే మనిషి, ఆ మాటకు ప్రభావం. మా పాత లీడర్లకు ఈ నాలుగూ లేవు. చాలా స్కూళ్ల కౌన్సిళ్లకు మొదటి రెండూ ఉంటాయి, అక్కడితో ఆగిపోతాయి. మిగతా రెండింటినీ గాలికి వదలకుండా కట్టేసిన ముడి మా 14 రోజుల గడువు.

మళ్లీ మరుగుదొడ్ల దగ్గరకు

కౌన్సిల్ చేపట్టిన మొదటి పని సహజంగానే తాళం. వెంటనే “తాళం తీయండి” అని రాసేస్తారనుకున్నాను. అలా చేయలేదు. అమ్మాయిలు విడిగా, అబ్బాయిలు విడిగా కూర్చుని మాట్లాడుకున్నారు. ఇంటర్వెల్‌లో వరుసలు ఎంతసేపు ఉంటున్నాయో చూశారు. చిన్న తరగతుల పిల్లలను పెద్దవాళ్లు వరుసలోంచి తోసేస్తున్నారని తేలింది. ఆడపిల్లల వైపు కొన్ని తలుపులకు లోపల గడియలే లేవు, అందుకే ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. తాళం చెవి ఒకే ఒక్క మనిషి దగ్గర ఉంటుంది, ఆయన సెలవు పెట్టిన రోజు చీటీ ఉన్నా లాభం లేదు.

ఎనిమిదో తరగతి ప్రతినిధి ఒకరు, శుభ్రం చేసే ఆయననూ అడుగుదామన్నారు. ఆయన ఆ స్కూల్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఏ మీటింగ్‌కూ ఎప్పుడూ ఎవరూ పిలవలేదు. వచ్చి రెండే విషయాలు చెప్పారు. వాడిన ప్యాడ్లు వేయడానికి డబ్బాలు లేక మరుగుదొడ్లలో పడేస్తున్నారు, అందుకే అవి పూడుకుపోతున్నాయి. పై ట్యాంకు మధ్యాహ్నానికే ఖాళీ అవుతోంది, నీళ్లు రాక పిల్లలు కుళాయిలను బలంగా తిప్పుతున్నారు, అందుకే విరుగుతున్నాయి. ఇన్నాళ్లూ అల్లరి అనుకున్న దానిలో సగం, నీళ్లు లేకపోవడం.

కౌన్సిల్ రాసిన అభ్యర్థన ఒకే పేజీ. గడియలు, మూతలున్న డబ్బాలు తమ నిధితో తెస్తామన్నారు. మధ్యాహ్నం ట్యాంకు మళ్లీ నింపాలని, తాళం ఒక నెలపాటు తీసి చూడాలని, చీటీ పద్ధతి ఆపాలని అడిగారు. ప్రతి వారం మరుగుదొడ్ల పరిస్థితి తామే చూసి రాస్తామన్నారు. మనుషుల పేర్లు రాయబోమని, వస్తువుల పరిస్థితి మాత్రమే రాస్తామని కింద ప్రత్యేకంగా గీత గీసి మరీ రాశారు. మేనేజ్‌మెంట్ పన్నెండో రోజున ఒప్పుకుంది.

ఆ నెలలోనే ఒక కుళాయి విరిగింది. నీళ్లున్న సమయంలో, ఎవరో కావాలనే చేసిన పని. పేరు కావాలని పైనుంచి అడిగారు. పేరు తేకపోతే తాళం మళ్లీ పడుతుందన్న మాటా వచ్చింది. కౌన్సిల్‌లో ఆ రోజు జరిగినంత చర్చ నేను మళ్లీ చూడలేదు. పేరు ఇచ్చేద్దాం, ఒకరి కోసం అందరూ ఎందుకు నష్టపోవాలి అన్నవాళ్లు గట్టిగానే వాదించారు. ఇస్తే మనం పాత లీడర్లమే కదా అన్నవాళ్లు అంతే గట్టిగా నిలబడ్డారు.

అప్పుడు నేనొక ఉదాహరణ చెప్పాను. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్‌లో 1974లో మనస్తత్వవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ సాయంతో క్లస్టర్ స్కూల్ అని ఒకటి మొదలైంది. అక్కడ విద్యార్థులకూ టీచర్లకూ తలా ఒక ఓటు. ఒక విద్యార్థిని డబ్బు దొంగతనానికి గురైతే, దొంగను పట్టుకోవడం మీద కాకుండా మన మధ్య ఇది ఎందుకు జరిగిందన్నదాని మీద చర్చ నడిచింది. చివరికి అందరూ కొంచెం కొంచెం వేసుకుని ఆ డబ్బు తిరిగిచ్చారు. ఇది చెప్పి ఊరుకున్నాను. ఓటింగ్ జరిగింది. కుళాయి ఖర్చు నిధి నుంచి పెడదామని, ఎంత ఖర్చయిందో, దానివల్ల ఏ బంతి కొనలేకపోయామో ప్రతి క్లాసులో చెబుదామని తేలింది. తీర్మానం స్వల్ప తేడాతో నెగ్గింది. విరగ్గొట్టినవాళ్లు ముందుకు వచ్చి ఒప్పుకోలేదు, ఎవరో ఇప్పటికీ తెలియదు. మేనేజ్‌మెంట్ మాత్రం తాళం వేయలేదు.

ఇప్పుడు మరుగుదొడ్లు రోజంతా తెరిచే ఉంటాయి. అప్పుడప్పుడు ఏదో ఒకటి విరుగుతూనే ఉంది, గోడల మీద రాతలూ పూర్తిగా పోలేదు. వారం వారం రాసే పుస్తకం వల్ల రిపేరు మాత్రం నెలల తరబడి ఆగడం లేదు. ఆడపిల్లలు నీళ్లు తాగుతున్నారు. నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

కాదన్నవి

అన్నిటికీ సరే అనే కౌన్సిల్ ఉత్త అలంకారం, కాబట్టి కాదన్నవీ చెప్పాలి. సెల్‌ఫోన్లు తెచ్చుకోనివ్వాలని కౌన్సిల్ అడిగింది. మేనేజ్‌మెంట్ కాదంది, కారణాలు రాసింది: క్లాసులో ధ్యాస, ఫొటోల దుర్వినియోగం, ఫోన్ లేని పిల్లల ఇబ్బంది. కౌన్సిల్ మళ్లీ అడిగింది. ఈసారి అసలు అవసరం ఏమిటో రాసింది: బస్సు తప్పిపోయినా, ఒంట్లో బాగోకపోయినా ఇంటికి చెప్పే దారి లేదు. రెండోసారి కూడా సెల్‌ఫోన్లకు అనుమతి రాలేదు. కానీ ఆఫీసు బయట పిల్లలు ఇంటికి మాట్లాడుకునేందుకు ఒక ఫోన్ పెట్టారు. కారణం రాసి కాదంటే పిల్లలు తట్టుకుంటారు. మౌనాన్ని మాత్రం తట్టుకోరు.

ప్రాజెక్టుల విషయంలో మాత్రం ఒక్క మీటింగ్‌లోనే పని అయిపోయింది. స్టాఫ్ రూములో పెద్ద క్యాలెండర్ పెట్టి, ఒక క్లాసుకు ఒక వారంలో ఒకటికి మించి గడువు పడకూడదనుకున్నారు.

విద్యార్థి కోర్టు ఎందుకు వద్దనుకున్నాం

తప్పు చేసినవాళ్లను కౌన్సిలే విచారిస్తే బాగుంటుందన్న సూచన టీచర్ల నుంచి, కొందరు పిల్లల నుంచి వచ్చింది. దీనికి గొప్ప ఉదాహరణే ఉంది. వార్సాలో 1912లో తెరిచిన అనాథాశ్రమంలో దాని నిర్వాహకుడు, వైద్యుడు యానుష్ కోర్చాక్ పిల్లల కోర్టును నడిపాడు. అయితే ఆ కోర్టు నియమావళిలో ఎక్కువ భాగం క్షమించే మార్గాలే. పెద్దల మీద కూడా పిల్లలు అక్కడ కేసు పెట్టవచ్చు, కోర్చాక్ స్వయంగా ఆ కోర్టు ముందు నిలబడ్డాడు. ఈ రెండు షరతులూ తీసేసి కోర్టును మాత్రం తెచ్చుకుంటే మిగిలేది శిక్షలు వేసే పిల్లల గుంపు. టీచర్లు ఆ కోర్టు ముందు నిలబడడానికి మా స్కూలు సిద్ధంగా లేదు. సిద్ధంగా లేనప్పుడు పిల్లలను ఒకరి మీద ఒకరిని న్యాయమూర్తులుగా కూర్చోబెట్టే హక్కు మాకు లేదనుకున్నాం.

ఇంకా తడబడుతున్నచోట

పరిశోధకుడు రోజర్ హార్ట్ 1992లో యూనిసెఫ్ కోసం రాసిన పత్రంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపాడు. కింది మూడు మెట్లు పిల్లలను వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు మాత్రమే కలుపుకోవడం. అవి భాగస్వామ్యమే కావన్నాడు. మాకూ ఆ జారుడు ఉంది. అతిథులు వచ్చినప్పుడు కౌన్సిల్ పిల్లలకు పూలగుత్తులిచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టాలని ఎవరికో ఒకరికి తోస్తూనే ఉంటుంది. ఇది కౌన్సిల్ పని కాదని ప్రతిసారీ చెప్పాల్సి వస్తోంది.

మాట చాతుర్యం ఉన్నవాళ్ల ఆధిపత్యం దీనికంటే కష్టమైన సమస్య. బాగా మాట్లాడేవాళ్లు తమ కోరికను క్లాసు కోరికగా చెప్పేస్తారు. నెమ్మదిగా ఉండేవాళ్లు, కొత్తగా చేరినవాళ్లు, వినికిడి, చూపు ఇబ్బందులున్న పిల్లలు ఆ ఇరవై నిమిషాల్లో నోరు తెరవరు. ప్రశ్నల పెట్టె పెట్టాం. కొంత మేలు జరిగింది. ముందు అందరూ చీటీ మీద రాసి, ఆ తర్వాతే మాట్లాడే పద్ధతి ఇంకొంచెం పనిచేసింది. ఆరో తరగతి ప్రతినిధులు మాత్రం పెద్దవాళ్ల ముందు ఇప్పటికీ తగ్గే కూర్చుంటారు. వాళ్లకు విడిగా ఒక చిన్న మీటింగ్ పెట్టి చూస్తున్నాం.

పదో తరగతి ప్రతినిధుల తల్లిదండ్రులకు చదువు గురించి టెన్షన్ ఉంటుంది, అది న్యాయమే. అందుకే ఆ పిల్లలు చివరి టర్మ్‌లో బాధ్యతలు తొమ్మిదో తరగతివాళ్లకు అప్పగించి సలహాదారులుగా మాత్రమే ఉంటారు. దీనివల్ల కొత్త కౌన్సిల్‌కు పాత విషయాలు తెలిసినవాళ్లు దొరుకుతారు. తేలని ప్రశ్నల జాబితా కూడా పుస్తకంలోనే చేతులు మారుతుంది.

మనుషులు మారితే ఏమవుతుందన్నది నన్ను వదలని ఆందోళన. పిల్లలు ఏటా వెళ్లిపోతారు, హెడ్‌మిస్ట్రెస్ గారు కూడా ఎప్పుడో ఒకప్పుడు మారతారు. మంచి మనసున్న ఒక్కరి ఇష్టం మీద నడిచే కౌన్సిల్, వాళ్లతోపాటే వెళ్లిపోతుంది. కెన్యాలో 2008లో వందలాది సెకండరీ స్కూళ్లలో విద్యార్థుల అలజడులు చెలరేగాక, మరుసటి ఏడాది దేశస్థాయి సెకండరీ విద్యార్థి మండలి ఏర్పడింది. 2013 నాటి బేసిక్ ఎడ్యుకేషన్ చట్టం స్కూలు యాజమాన్య బోర్డులో విద్యార్థి మండలి ప్రతినిధికి చోటిచ్చింది. ఐర్లండ్ 1998 విద్యా చట్టం కూడా సెకండరీ స్కూళ్లలో విద్యార్థి మండళ్లు ఏర్పడేలా బోర్డులే ప్రోత్సహించాలంది. ఆ దేశాల్లో కౌన్సిల్ ఉండాలా వద్దా అన్నది హెడ్‌మాస్టర్ ఇష్టాయిష్టాలకే వదిలేయలేదు. మేం మా స్థాయిలో చేసిందల్లా హద్దుల పత్రాన్ని, 14 రోజుల గడువును మేనేజ్‌మెంట్ కమిటీ చేత తీర్మానంగా ఆమోదింపజేయడం. రేపు ఎవరు వచ్చినా దాన్ని తీసేయాలంటే కమిటీ ముందు కారణం చెప్పి తీసేయాలి.

పోయిన టర్మ్ చివర కౌన్సిల్ ఒక కొత్త అభ్యర్థన రాసింది. మేనేజ్‌మెంట్ కమిటీ సమావేశాల్లో తమ ప్రతినిధులు ఇద్దరు కూర్చోవాలని, డబ్బు ఒప్పందాలు, ఉద్యోగుల విషయాలు వచ్చినప్పుడు బయటకు వెళ్తామని అందులో ఉంది. కమిటీ మూడో రకం జవాబు ఇచ్చింది: ఇంకా తేల్చలేదు. కమిటీలోని తల్లిదండ్రులు ఏమంటారో తెలుసుకోవాలంది, తేదీ కూడా రాసింది. ఆ ప్రశ్న, ఆ జవాబు ఇప్పుడు నోటీసు బోర్డు మీద ఉన్నాయి. తల్లిదండ్రులతో మాట్లాడేందుకు కౌన్సిల్ తమలోంచి నలుగురిని ఎంచుకుంది. అందులో ఒకరు ఏడో తరగతి అమ్మాయి.